కాలం మారినా కంటి నియమం మారదు: లెన్సులు వాడే పిల్లలకు, వాళ్ల ఇంట్లోవాళ్లకు



పోయిన వారం మన బళ్లో చదివి వెళ్లిన ఒక అమ్మాయి సర్టిఫికెట్ నకలు కోసం వాళ్లమ్మతో ఆఫీసుకు వచ్చింది. బరంపురం ఎండ సంగతి తెలిసిందే కదా, అందుకే నల్లద్దాలు పెట్టుకుందనుకున్నాను. కూర్చున్నాక అద్దాలు తీసింది. ఎడమ కంటి నల్లగుడ్డు మీద, కాస్త పక్కగా, తెల్లటి మచ్చ కనిపించింది. మన పెద్దవాళ్లు "కంట్లో పువ్వు వేసింది" అంటారే, అది. ఆ పిల్లకు ఇంకా ఇరవై ఒకటో ఏడు.

ఏమైందమ్మా అని అడిగితే వాళ్లమ్మ చెప్పింది. కార్తీక పౌర్ణమికి ఇంటికి రావడానికి అమ్మాయి హైదరాబాదులో రాత్రి రైలు ఎక్కింది. కళ్లకు కాంటాక్ట్ లెన్సులు ఉన్నాయి. వాటిని తీయకుండానే బెర్తు మీద నిద్రపోయింది. ఇంటికి వచ్చాక పౌర్ణమి తెల్లవారుజామున అందరితోపాటు చెరువులో స్నానం చేసింది, అదీ లెన్సులతోనే. సాయంత్రానికి ఎడమ కన్ను గరగరలాడటం మొదలైంది. లెన్సు తీసి కుళాయి నీళ్లతో కడిగి మళ్లీ పెట్టేసుకుంది. ఎందుకంటే మర్నాడు పెళ్లిచూపులు. పిల్లకు కళ్లద్దాలున్న సంగతి అవతలివాళ్లకు తెలియకూడదు.

కన్ను ఎర్రబడితే మెడికల్ షాపులో చుక్కల మందు అడిగి తెచ్చారు. ఎరుపు తగ్గింది కానీ నొప్పి తగ్గలేదు. వారం గడిచాక పెద్దాసుపత్రికి తీసుకెళ్తే నల్లగుడ్డు మీద పుండు పడిందని, నీళ్లలో బతికే సూక్ష్మజీవి వల్ల వచ్చిందని చెప్పారు. మొదట్లో పగలూ రాత్రీ గంటగంటకూ మందు వేశారట. ఇప్పటికీ మందు సాగుతూనే ఉంది. చూపు కొంత తిరిగి వచ్చింది, పూర్తిగా రాలేదు.

వెళ్లబోతూ ఆ అమ్మాయి ఒక మాట అంది. "నా పేరు వద్దు మాస్టారూ. కానీ మన బడి పేజీలో ఇది రాయండి. ఆ పెట్టెలో కాగితం ఇంగ్లీషులో చిన్నచిన్న అక్షరాల్లో ఉంది, నేను చదవలేదు. అమ్మకు తెలుగు తప్ప చదవడం రాదు. మన భాషలో ఎవరైనా చెప్పి ఉంటే అమ్మే నన్ను ఆపేది."

అందుకే ఇది రాస్తున్నాను. నేను కంటి డాక్టరును కాను, సైన్సు పాఠం చెప్పే మాస్టారిని. ఎవరి కంటికి ఏ లెన్సు సరిపడుతుందన్నది డాక్టరే చెప్పాలి. లెన్సు అంటే ఏమిటి, ఏ కాలంలో దానికి ఏం ముప్పు వస్తుంది, ఇంట్లో మనం ఏం చెయ్యాలి అన్నంతవరకే ఇక్కడ చెబుతాను.

లెన్సు చెడ్డది కాదు

ముందుగా ఒక మాట. ఇది చదివి లెన్సులు పారెయ్యమని పిల్లలను తిట్టకండి. సరిగ్గా వాడితే లెన్సులు మంచివే. కొందరికి అవి తప్పనిసరి కూడా. నల్లగుడ్డు ముందుకు పొడుచుకొచ్చి శంకువు ఆకారానికి మారే జబ్బు ఒకటుంది, దాన్ని కెరటోకోనస్ అంటారు. అది ముదిరితే మామూలు కళ్లద్దాలతో చూపు తేటపడదు, గట్టిరకం లెన్సులే కావాలి. కాబట్టి లెన్సు పెట్టుకున్న ప్రతి పిల్లా షోకు కోసమే పెట్టుకుందని అనుకోకూడదు.

లెన్సు కథ పిల్లలకు నచ్చుతుంది. 1880ల్లోనే గాజుతో లెన్సులు చేశారు. అవి కంటి తెల్లగుడ్డునంతా కప్పేవి, ఎక్కువసేపు భరించడం కష్టమయ్యేది. ఇవాళ వాడుతున్న మెత్తటి లెన్సులకు దారి వేసినవాడు చెక్ దేశపు రసాయన శాస్త్రవేత్త ఓటో విఖ్టెర్లే. 1961 క్రిస్మస్ సెలవుల్లో ఆయన తన ఇంట్లోనే పిల్లలు ఆడుకునే లోహపు ముక్కల సెట్టుతో, సైకిల్ డైనమోతో ఒక చిన్న యంత్రం బిగించాడు. తిరిగే అచ్చులో ద్రవం పోసి లెన్సులు తీశాడు. ఖరీదైన లేబొరేటరీ లేకపోయినా సైన్సు ఆగదని మన పిల్లలకు చెప్పుకోదగ్గ కథ ఇది.

ఆయన వాడిన పదార్థం గుణం ఏమిటంటే, అది నీటిని పీల్చుకుని మెత్తబడుతుంది. అందుకే కంటికి హాయిగా ఉంటుంది. అయితే స్పాంజి మంచినీళ్లనే పీల్చి మురికినీళ్లను వదిలెయ్యదు కదా! మెత్తటి లెన్సు కూడా అంతే. కుళాయి నీరు తగిలితే ఆ నీటినీ, అందులో ఉన్నవాటినీ పట్టి ఉంచుతుంది. వాటిని తీసుకెళ్లి కంటికి అంటించి గంటల తరబడి ఉంచుతుంది.

కన్ను ఊపిరి పీల్చే తీరు

నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా ఒక పారదర్శకమైన పొర ఉంటుంది. దాన్నే కార్నియా అంటాం. ఒంట్లో మిగతా భాగాలకు రక్తం ప్రాణవాయువును తెచ్చి ఇస్తుంది. కార్నియాలో రక్తనాళాలే ఉండవు. ఉంటే అది అద్దంలా ఉండలేదు. అందుకని మెలకువగా ఉన్నప్పుడు అది గాలిలోని ప్రాణవాయువును కన్నీటి పొర ద్వారా నేరుగా తీసుకుంటుంది. కళ్లు మూసుకుంటే ఆ గాలి తగ్గిపోతుంది. రెప్ప లోపలివైపు ఉన్న రక్తనాళాల నుంచి వచ్చే కాస్తతో సరిపెట్టుకుంటుంది.

ఇప్పుడు మూసిన రెప్ప కింద లెన్సు కూడా ఉందనుకోండి. తలుపు మూసిన గదిలో ముసుగుతన్ని పడుకున్నట్టే. కార్నియాకు ఊపిరి అందదు, పైపొర బలహీనపడుతుంది. మేలుకుని ఉంటే రెప్ప ఆర్పినప్పుడల్లా కన్నీరు కంటిని కడుగుతుంది, నిద్రలో ఆ కడుగుడూ ఉండదు. లెన్సులతో నిద్రపోయేవాళ్లలో కార్నియాకు ఇన్ఫెక్షన్ వచ్చే ముప్పు కొన్ని రెట్లు పెరగడానికి కారణం ఇదే. రాత్రంతా పడుకుంటేనే కాదు, మధ్యాహ్నపు కునుకు కూడా లెక్కే.

నీటి సంగతి చూడండి. కుళాయిలో, చెరువులో, బావిలో, ఈతకొలనులో, మట్టిలో కూడా అకాంథమీబా అనే ఏకకణ జీవి బతుకుతుంది. నీళ్లు తాగితే మామూలుగా మనల్ని ఏమీ చెయ్యదు. లెన్సు కింద చిక్కుకుని, గీసుకుపోయిన కార్నియాలోకి దిగితే మాత్రం మొండికేస్తుంది. పరిస్థితి బాగోలేనప్పుడు చుట్టూ గట్టి కవచం కట్టుకుని కూర్చుంటుంది. నీటిలో కలిపే క్లోరిన్ దాన్ని అంత తేలిగ్గా చంపలేదు. అందుకే వైద్యం నెలల తరబడి నడుస్తుంది. మనం తాగే నీరు శుభ్రమైనదే కావచ్చు, కానీ తాగడానికి పనికొచ్చే నీరు లెన్సుకు పనికిరాదు. ఈ ఒక్క వాక్యం ఇంట్లో అందరూ గుర్తుపెట్టుకోండి.

అన్ని కాలాలకూ వర్తించే నియమాలు

సబ్బుతో చేతులు కడుక్కుని, పూర్తిగా తుడుచుకుని, అప్పుడే లెన్సు ముట్టుకోవాలి. తడి చేత్తో ముట్టుకుంటే కుళాయి నీటితో కడిగినట్టే. నూలు పోగులు రాలే తువ్వాలు వద్దు.

తీసిన ప్రతిసారీ లెన్సును అరచేతిలో పెట్టి సొల్యూషన్ పోసి వేలితో మెల్లగా రుద్ది, మళ్లీ సొల్యూషన్‌తోనే కడగాలి. "రుద్దక్కర్లేదు" అని కొన్ని సీసాల మీద ఉంటుంది, అయినా రుద్దడమే మేలు. ఉమ్మితో తడపడం ఎంతమాత్రం కూడదు. ఉత్త సెలైన్ క్రిములను చంపదు, అది కడగడానికే.

డబ్బాలో నిన్నటి సొల్యూషన్ మీద ఇవాళ్టిది కలపకూడదు. పాతది పారబోసి, డబ్బాను కొత్త సొల్యూషన్‌తో కడిగి, శుభ్రమైన కాగితం మీద బోర్లించి ఆరనివ్వాలి. మూడు నెలలకోసారి డబ్బా మార్చాలి. సీసా మూత తీసిన తేదీని పెన్నుతో సీసా మీదే రాయండి. తెరిచిన ఎన్నాళ్లకు పారెయ్యాలో లేబులు మీద ఉంటుంది. సీసాలో ఇంకా మిగిలి ఉందని ఆ గడువు దాటి వాడకండి.

నెల లెన్సు అంటే తెరిచిన రోజు నుంచి నెల అని అర్థం. పెట్టుకున్న రోజులనే లెక్కేసి రెండు మూడు నెలలు లాగించడం చాలామంది చేస్తున్న తప్పు. ఒకరోజు లెన్సులను ఆ రాత్రే పారెయ్యాలి, వాటిని కడిగి దాచడానికి వీల్లేదు.

కాటుక సంగతి ఆడపిల్లలకు చెబుతున్నాను. ముందు లెన్సు పెట్టుకుని ఆ తరవాత అలంకారం చేసుకోండి. తీసేటప్పుడు ముందు లెన్సు తీసి ఆ తరవాత ముఖం కడుక్కోండి. రెప్ప అంచు లోపలివైపు కాటుక దిద్దితే అది లెన్సుకు అంటుకుంటుంది.

ఇక కాలాలవారీగా చూద్దాం.

ఎండాకాలం: మార్నింగ్ స్కూలు నుంచి రోహిణి కార్తె దాకా

ఎండాకాలంలో ముందుగా ఇబ్బంది పెట్టేవి దుమ్ము, చెమట. నుదుటి చెమట కంట్లోకి దిగితే మంట పుడుతుంది, చెయ్యి తెలియకుండానే కంటి మీదికి పోతుంది. లెన్సు ఉన్న కన్ను నులిపితే కార్నియా గీసుకుపోవచ్చు. జేబులో శుభ్రమైన రుమాలు ఉంచుకోండి, కంటిని కాదు, నుదుటిని తుడుచుకోండి. బండి మీద వెళ్తే హెల్మెట్ అద్దం దించుకోవాలి. కొన్ని లెన్సులు అతినీలలోహిత కిరణాలను ఆపుతాయంటారు. నిజమే కానీ లెన్సు కప్పేది కంటి మధ్యభాగాన్నే. దాని మీద చలువ అద్దాలు పెట్టుకోవాల్సిందే.

సొల్యూషన్ సీసాను బండి డిక్కీలో, కారు డాష్‌బోర్డు మీద, కిటికీ గట్టు మీద ఎండలో వదలకండి. దాని మీద ఎంత చల్లదనంలో ఉంచాలో రాసి ఉంటుంది. వేడెక్కితే మందు పనితనం తగ్గుతుంది. ఏసీ బస్సులో, ఏసీ గదిలో గాలి పొడిగా ఉంటుంది. ముఖానికి సూటిగా తగిలే ఫ్యాను కూడా కన్నీటి పొరను ఆరబెడుతుంది. డాక్టరు రాసిస్తే లెన్సుల మీద వెయ్యదగిన కన్నీటి చుక్కలు వాడుకోవచ్చు.

ఈ కాలంలోనే కొందరు పిల్లలకు, ముఖ్యంగా మగపిల్లలకు, కళ్లు విపరీతంగా దురద పెడతాయి. తీగలా సాగే పుసి వస్తుంది. వెలుతురు చూడలేరు. ఇది ఎలర్జీ, ఒకరి నుంచి ఒకరికి అంటదు. దురద ఉన్నన్నాళ్లూ లెన్సులు మానాలి, చల్లటి గుడ్డ మూసిన రెప్పల మీద వేసుకోవాలి, డాక్టరుకు చూపించాలి. ఏళ్ల తరబడి కళ్లు నులుపుకునే అలవాటుకూ, పైన చెప్పిన కెరటోకోనస్‌కూ సంబంధం ఉంది. కాబట్టి "పిల్లాడు ఊరికే కళ్లు నులుపుకుంటున్నాడు" అని వదిలెయ్యకండి.

గోపాలపురం బీచికి వెళ్లినా, తప్తపాణి వేడినీటి బుగ్గకు వెళ్లినా, ఈత నేర్చుకున్నా లెన్సులు తీసి డబ్బాలో పెట్టి దిగండి. ఉప్పునీరు, వేడినీరు అయితే ఫర్వాలేదనుకోవద్దు.

మన ఊరికి ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్రలో వేషాలు కడతారు. పులివేషానికి, రాక్షస వేషానికి రంగు లెన్సులు దొరుకుతున్నాయి. చూపు కోసం కాకుండా రంగు కోసం పెట్టినా అది లెన్సే. కంటి కొలత చూడకుండా సంతలో కొన్నది పెట్టుకోవడం, ఒకరి లెన్సు ఇంకొకరు పెట్టుకోవడం కంటితో చెలగాటమే. మొక్కు తీరడానికి ముఖానికి రంగు చాలు, కంట్లో రంగు అక్కర్లేదు. హోలీ రోజు లెన్సులు అసలే వద్దు.

వానాకాలం: కళ్లకలక రోజులు

మృగశిర చల్లబడి ఆర్ద్ర కార్తె వచ్చేసరికి చేతులు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. స్నానాల గదిలో అద్దం పక్కన గూట్లో లెన్సు డబ్బా పెట్టే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ చెమ్మలో గోడలకే బూజు పడుతుంది, డబ్బాకు పట్టదా? పొడిగా ఉండే గదిలోకి మార్చండి. వానలో తడిసి ముఖం మీద నీళ్లు కారుతుంటే ఇంటికి రాగానే చేతులు కడిగి, ఆరబెట్టుకుని లెన్సులు తీసెయ్యండి.

కళ్లకలక వానాకాలంలోనే ఎక్కువ. కళ్లలోకి చూస్తే అంటుతుందన్నది అపోహ. పుసి అంటిన చేతులు, తువ్వాళ్లు, దిండు గలీబులు, కాటుక పుల్లలే దాన్ని మోసుకెళ్తాయి. ఇంట్లో ఒకరికి వస్తే మిగతావాళ్లు తువ్వాళ్లు వేరు చేసుకోండి. లెన్సులు వాడేవాళ్లకు వస్తే వెంటనే మానెయ్యాలి. అప్పుడు కంట్లో ఉన్న లెన్సునూ, ఆ డబ్బానూ పారెయ్యాలి. డబ్బులు పోతాయని దాచి, తగ్గాక మళ్లీ అదే పెట్టుకుంటే జబ్బు తిరగబెడుతుంది. మళ్లీ ఎప్పుడు పెట్టుకోవాలో డాక్టరు చెప్పాలి. లెన్సు వాడేవాళ్ల కన్ను ఎర్రబడితే "కళ్లకలకేలే" అని ఇంట్లోవాళ్లే తీర్మానించకూడదు. అది కార్నియా పుండు మొదలు కావచ్చు.

పొలాలున్న కుటుంబాలకు ఇంకో మాట. నాట్లప్పుడు, కోతలప్పుడు వరి ఆకు, గడ్డిపరక కంటికి గీసుకుంటే బూజు జాతి సూక్ష్మజీవులు కార్నియాలో చేరే ప్రమాదం మన దేశంలో బాగా ఉంది. లెన్సులతో పొలం పనికి వెళ్లకండి. కళ్లద్దాలైతే కంటికి అడ్డు కూడా అవుతాయి.

తుఫాను రోజులు, కార్తీక మాసం

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటిన రాత్రి ఇక్కడివాళ్లెవరూ మరచిపోలేదు. ఆ తరవాత కరెంటు, కుళాయి కోసం ఎంత ఎదురుచూశామో కూడా గుర్తే. అలాంటప్పుడు చేతులు కడుక్కోవడానికే నీళ్లు చాలవు. తుఫాను హెచ్చరిక రాగానే లెన్సులు తీసి కళ్లద్దాలకు మారిపోవాలి. బ్యాటరీ లైటు, మందులు, ఆధార్ కార్డులు పెట్టుకునే సంచిలోనే కళ్లద్దాల జతను, కంటి నంబరు రాసిన చీటీని కూడా పెట్టండి.

కార్తీకంలో ఒడియా ఇరుగుపొరుగు చిన్న పడవలు నీళ్లలో వదులుతారు, మనవాళ్లు దీపాలు వదులుతారు. తెల్లవారుజామున నదీ స్నానం, చెరువు స్నానం చేస్తారు. లెన్సులు తీసి చేసినా పుణ్యం తగ్గదు. ఆ అమ్మాయి కంట్లో పువ్వు వేసింది ఈ కాలంలోనే. ఇంట్లో పెద్దవాళ్లు తలమీద నీళ్లు పోసేముందు "లెన్సులు తీశావా?" అని ఒక్కసారి అడిగితే చాలు.

దీపావళి రాత్రి లెన్సుల బదులు కళ్లద్దాలు పెట్టుకుని టపాకాయలు కాల్చండి.

చలికాలం: పొగ, పొడిగాలి, రాత్రి ప్రయాణాలు

చలికాలంలో గాలిలో తేమ తగ్గుతుంది. సాయంత్రానికి లెన్సు కంటికి అతుక్కుపోయినట్టు అనిపిస్తుంది. అలాంటప్పుడు బలవంతంగా లాగకూడదు. లెన్సులకు పనికొచ్చే కన్నీటి చుక్కలు వేసుకుని, కాసేపు రెప్పలు ఆర్పి, వదులయ్యాక తీయాలి. భోగి మంట పొగలో, చలిమంట దగ్గర లెన్సులతో ఎక్కువసేపు నిలబడకండి.

ఇది పరీక్షలకు చదువుకునే కాలం కూడా. మామూలుగా మనం నిమిషానికి పదిహేనుసార్లు దాకా రెప్ప ఆరుస్తాం. ఫోను, కంప్యూటరు చూస్తున్నప్పుడు అది బాగా తగ్గిపోతుంది. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్న దేన్నయినా 20 సెకన్లు చూడమని కంటి డాక్టర్లు చెబుతారు. ఇంట్లో చదువుకునేటప్పుడు కళ్లద్దాలతో చదవండి, లెన్సులను బయటికి వెళ్లినప్పటికి ఉంచుకోండి.

సంక్రాంతికి విశాఖ నుంచి, హైదరాబాదు నుంచి వచ్చే మన పూర్వ విద్యార్థులూ, రైలెక్కకముందే గదిలో చేతులు కడుక్కుని లెన్సులు తీసెయ్యండి. రైలు కుళాయి దగ్గర, కదిలే బోగీలో ఆ పని పెట్టుకోవద్దు. కళ్లద్దాలతో ప్రయాణం చేసి, ఇంటికి వచ్చాక కావాలంటే పెట్టుకోండి.

ఎప్పుడు పరుగెత్తాలి

నొప్పి, ఎరుపు, చూపు మసకబారడం, వెలుతురు చూడలేకపోవడం, ఆగకుండా నీళ్లు లేదా పుసి కారడం, నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే లెన్సు తీసి, అదేరోజు కంటి డాక్టరుకు చూపించాలి. లెన్సునూ డబ్బానూ పారెయ్యకుండా వెంట తీసుకెళ్లండి. ఏ క్రిమో కనుక్కోవడానికి వాళ్లకు అవి పనికిరావచ్చు.

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే చుక్కల మందుల్లో చాలావాటిలో డెక్సామెథసోన్, బెటామెథసోన్, ప్రెడ్నిసలోన్ వంటి స్టిరాయిడ్లు ఉంటాయి. అవి ఎరుపును అణిచేస్తాయి, క్రిమిని చంపవు. పైకి తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల పుండు పెరుగుతుంది. ఆ అమ్మాయి వారం రోజులు పోగొట్టుకున్నది ఇలాగే. డాక్టరు చూసి రాస్తే స్టిరాయిడ్ కూడా మందే. చూడకుండా వేసుకుంటే విషమవుతుంది.

చనుబాలు, తేనె, రోజ్ వాటర్, ఆకు పసర్లు కంట్లో పొయ్యకండి. నందివర్ధనం పూలు మూసిన రెప్పల మీద పెట్టుకుంటే చల్లగా ఉంటుంది, దాంతో తగువు లేదు. ఆ పూల రసం మాత్రం కంట్లో పిండొద్దు.

లెన్సుకు నీళ్లు తగలకూడదన్న నియమానికి ఒక్క మినహాయింపు ఉంది. ప్రయోగశాలలో ఆమ్లం గానీ, ఇంట్లో కిళ్లీ సున్నం గానీ కంట్లో పడితే, నీళ్ల కోసం ఆలోచించకండి. వెంటనే దొరికిన మంచినీటితో రెప్పలు విప్పి పట్టుకుని 15 నుంచి 20 నిమిషాలు ధారగా కడగాలి. లెన్సు దానంతటది వస్తే తీసెయ్యాలి, రాకపోతే కడగడం ఆపకూడదు. ఆ తరవాత ఆసుపత్రికి వెళ్లాలి. సున్నం పొట్లాలు చిన్నపిల్లలకు అందకుండా పెట్టండి.

చివరగా, నా తప్పు

ఆ అమ్మాయి వెళ్లిపోయాక నాకొక విషయం గుర్తొచ్చింది. ఎనిమిదో తరగతిలో ఆమెకు మందపాటి కళ్లద్దాలు వచ్చాయి. పిల్లలు "సోడాబుడ్డి" అని పిలిచేవాళ్లు. ఒకరోజు నా క్లాసులోనే ఎవడో అలా అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మర్నాటి నుంచి ఆమె కళ్లద్దాలు సంచిలోంచి తీసేది కాదు. బోర్డు కనపడక పక్కపిల్ల నోట్సు చూసి రాసుకునేది. అది చూసి కూడా నేను ఏమీ అనలేదు.

పెళ్లిచూపుల ముందు ఆమె నొప్పి పెడుతున్న కంట్లో లెన్సు మళ్లీ ఎందుకు పెట్టుకుందో ఇప్పుడు నాకు తెలుసు. చాటుగా వాడితే, ఇంట్లోవాళ్ల ముందు తీయడానికి సంకోచిస్తారు, నొప్పి వచ్చినా చెప్పరు, చేతిలో కళ్లద్దాలు ఉండవు. ఏ కాలంలోనైనా అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఆ సిగ్గే. ఆ సిగ్గు నేర్పినవాళ్లలో నేనూ ఒకణ్ని.

అందుకని మన బళ్లో ఈ ఏడాది నుంచి కొన్ని పనులు చేస్తున్నాం. కళ్లద్దాలున్నవాళ్లను ఏ పేరు పెట్టి పిలిచినా, అది పిల్లలైనా మాస్టర్లైనా, ఊరుకోము. లెన్సులు వాడే విద్యార్థులు ఆ సంగతి క్లాసు టీచరుకు చెప్పి, సంచిలో కళ్లద్దాలు ఎప్పుడూ ఉంచుకోవాలి. రసాయన శాస్త్రం ప్రాక్టికల్స్‌లో రక్షణ కళ్లద్దాలు అందరికీ తప్పనిసరి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం బడికి వచ్చిన రోజు ఎవరూ సెలవు పెట్టకండి. చూపు లోపం ఉన్న బడిపిల్లలకు ప్రభుత్వ కార్యక్రమం కింద ఉచితంగా కళ్లద్దాలు ఇస్తారు, వాటిని తీసుకోవడం నామోషీ కాదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీ అమ్మాయికి సంబంధం చూస్తున్నప్పుడు "పిల్లకు కళ్లద్దాలున్నాయి" అని మొదటి మాటలోనే చెప్పండి. దానికి వెనక్కి పోయే సంబంధం పోనివ్వండి. మీ అబ్బాయికి చూస్తున్నప్పుడు కళ్లద్దాల పిల్ల అని వంక పెట్టకండి.

ఈ కాగితాన్ని అచ్చు తీసి అద్దం పక్కన అతికించుకుంటామన్నవాళ్లు ఆఫీసులో అడిగి తీసుకోవచ్చు. అంతా గుర్తుండకపోతే మూడు ముక్కలు చాలు: నీళ్లు తగలనివ్వొద్దు, లెన్సుతో నిద్రపోవద్దు, నొప్పి ఉంటే దాచొద్దు.

ఇట్లు
మీ ప్రధానోపాధ్యాయుడు